లిస్ట్‌మాంక్‌కు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సొంత సర్వర్ మీద న్యూస్‌లెటర్లు, ఆఫర్ మెయిల్స్ పంపుకునేవాళ్లకు లిస్ట్‌మాంక్ కొత్త పేరేం కాదు. బెంగళూరులోని జెరోధా సంస్థకు సీటీఓ అయిన కైలాష్ నాధ్ దీన్ని తయారుచేసి 2019లో ఓపెన్ సోర్స్‌గా బయటపెట్టారు. గో భాషలో రాసిన ఒకే ఒక ప్రోగ్రామ్ ఫైలు, దాని వెనక ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. సరంజామా అంతా ఇంతే. ఆ రెండిటినీ కలిపే చోటే చాలామంది ఆగిపోతారు.

కింది ప్రశ్నలన్నీ ఆ ఒక్క పని గురించే. ఒక మాట ముందే చెప్పాలి. ఎర్రర్ వస్తే దాన్ని చివరి పదం దాకా చదవండి. ఎక్కడ ఆపిందో, ఎందుకు ఆపిందో పోస్ట్‌గ్రెస్ సూటిగానే చెబుతుంది. చదవకుండా నాలుగు సెట్టింగులు ఒకేసారి మార్చేస్తే, ఏది సరైందో ఏది తప్పిందో ఆ తర్వాత ఆ దేవుడికే తెలియాలి.

మా హోస్టింగ్‌లో మైఎస్‌క్యూఎల్ ఉంది. దాంతో నడుస్తుందా?

నడవదు. లిస్ట్‌మాంక్ పోస్ట్‌గ్రెస్ ఒక్కదానితోనే పనిచేస్తుంది, అదీ 12 లేదా ఆ పై వెర్షన్ అయి ఉండాలి. సబ్‌స్క్రైబర్ గురించి మీరు దాచుకునే అదనపు వివరాలన్నీ (ఊరు, కొన్న వస్తువు, ఏదైనా సరే) పోస్ట్‌గ్రెస్‌కు ప్రత్యేకమైన జేసన్‌బీ కాలమ్‌లో ఉంటాయి. కాబట్టి ఏదో ఒక అడాప్టర్ తగిలించి మైఎస్‌క్యూఎల్‌తో నెట్టుకొద్దామంటే కుదరదు. షేర్డ్ హోస్టింగ్, సీప్యానెల్, మైఎస్‌క్యూఎల్ మాత్రమే ఉన్నవాళ్లకు పీహెచ్‌పీలో రాసిన పీహెచ్‌పీలిస్ట్ నయం. లిస్ట్‌మాంకే కావాలంటే చిన్నదైనా సొంత వీపీఎస్ (అద్దెకు దొరికే వర్చువల్ సర్వర్) ఒకటి తీసుకోండి.

డేటాబేస్ వివరాలు ఎక్కడ రాయాలి? అడ్మిన్ సెట్టింగ్స్ అంతా వెతికాను, కనిపించలేదు.

అక్కడ ఉండవు. ఎస్‌ఎమ్‌టీపీ (మెయిల్స్ బయటికి పంపే సర్వర్) వివరాలు, పంపే వేగం, లోగో లాంటి సెట్టింగులన్నీ డేటాబేస్‌లోనే ఒక టేబుల్‌లో ఉంటాయి. ఆ డేటాబేస్‌కి దారి చూపే వివరాలు కూడా అందులోనే ఉంటే ప్రోగ్రామ్ వాటిని చదివేదెలా? అందుకే అవి బయట ఉంటాయి. ప్రోగ్రామ్‌ని న్యూ-కాన్ఫిగ్ ఫ్లాగ్‌తో (ఆదేశం చివర చేర్చే మాట) ఒకసారి నడిపితే కాన్ఫిగ్ డాట్ టామ్ల్ అనే ఫైలు తయారవుతుంది. అందులో డీబీ అనే విభాగం కింద హోస్ట్, పోర్ట్, యూజర్, పాస్‌వర్డ్, డేటాబేస్ పేరు, ఎస్‌ఎస్‌ఎల్ మోడ్, ఆ కింద కనెక్షన్ల లెక్కలు ఉంటాయి. పోర్ట్ 5432. దాన్ని మార్చే అవసరం సాధారణంగా రాదు.

డాకర్ (ప్రోగ్రామ్‌లను కంటైనర్లు అనే విడి పెట్టెల్లో నడిపే సాధనం) వాడేవాళ్లు ఇవే వివరాలను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా ఇవ్వొచ్చు. పేరు రాసే పద్ధతి దగ్గర జాగ్రత్త. లిస్ట్‌మాంక్ అన్న మాట పెద్దక్షరాల్లో, తర్వాత ఒక అండర్‌స్కోర్, డీబీ అని చిన్నక్షరాల్లో, తర్వాత రెండు అండర్‌స్కోర్లు, ఆపైన హోస్ట్ అని చిన్నక్షరాల్లో. ఆ రెండో చోట ఒకటే అండర్‌స్కోర్ పడితే ప్రోగ్రామ్ ఏమీ అనదు, ఆ విలువను పట్టించుకోకుండా తన దారిన తాను పోతుంది. మీరేమో హోస్ట్ మార్చాను కదా అనుకుంటూ కూర్చుంటారు.

డేటాబేస్‌ని, యూజర్‌ని ఎలా తయారుచేయాలి? పోస్ట్‌గ్రెస్ అనే సూపర్‌యూజర్‌నే ఇచ్చేస్తే పోదా?

పని జరుగుతుంది, కానీ అలా చేయకండి. ఆ యూజర్ చేతిలో సర్వర్‌లోని డేటాబేస్‌లన్నీ ఉంటాయి. ఒక న్యూస్‌లెటర్ ప్రోగ్రామ్‌కి అంత అధికారం దేనికి?

లిస్ట్‌మాంక్ అనే పేరుతో పాస్‌వర్డ్ ఉన్న మామూలు యూజర్‌ని సృష్టించండి. తర్వాత డేటాబేస్‌ని సృష్టించేటప్పుడే ఓనర్‌గా ఆ యూజర్ పేరు ఇవ్వండి. ఓనర్ అన్న ఈ ముక్కే కీలకం. ఎందుకో తర్వాతి ప్రశ్నలో ఉంది. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయండి. ఆ తర్వాత ప్రోగ్రామ్‌ని ఇన్‌స్టాల్ ఫ్లాగ్‌తో నడిపితే సబ్‌స్క్రైబర్లు, లిస్టులు, క్యాంపెయిన్లు, టెంప్లేట్లు వగైరా టేబుళ్లన్నీ అదే కట్టుకుంటుంది. మీరు చేత్తో ఒక్క టేబుల్ కూడా సృష్టించనక్కర్లేదు.

ఆ ఇన్‌స్టాల్ ఫ్లాగ్‌తో మాత్రం చాలా జాగ్రత్త. అది మొదటిసారికి మాత్రమే. ఇప్పటికే నడుస్తున్న డేటాబేస్ మీద దాన్ని మళ్లీ నడిపితే పాత టేబుళ్లు తుడిచేసి కొత్తవి కడుతుంది. అంతకుముందు హెచ్చరించి, సరేనా అని అడుగుతుంది. కానీ స్క్రిప్టుల్లో యెస్ ఫ్లాగ్ కూడా జోడించేవాళ్లున్నారు, అప్పుడు ఆ అడగడమూ ఉండదు. స్క్రిప్టులో పెట్టక తప్పకపోతే ఐడెంపొటెంట్ అనే ఫ్లాగ్ కూడా తప్పనిసరిగా చేర్చండి. అది ఉంటే, టేబుళ్లు ముందే ఉన్న చోట ఇన్‌స్టాల్ వాటి జోలికి పోదు.

ఇన్‌స్టాల్ చేస్తుంటే "పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా పబ్లిక్" అని వస్తోంది. యూజర్‌కి డేటాబేస్ మీద అన్ని హక్కులూ ఇచ్చాను కదా?

2022లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 15 నుంచి ఈ గొడవ మొదలైంది. అంతకుముందు పబ్లిక్ అనే స్కీమాలో (డేటాబేస్ లోపల టేబుళ్లుండే విభాగం) ఏ యూజర్ అయినా టేబుళ్లు సృష్టించుకోగలిగేవాడు. 15లో ఆ హక్కు తీసేశారు. ఇప్పుడు డేటాబేస్ ఓనర్‌కే ఉంది. ఇంకెవరికైనా కావాలంటే విడిగా ఇవ్వాలి. "డేటాబేస్ మీద అన్ని హక్కులూ" అని మీరిచ్చిన గ్రాంట్ డేటాబేస్ వరకే. లోపలున్న స్కీమాకి అది వర్తించదు. పాత ట్యుటోరియల్స్ చూసి చేసినవాళ్లందరూ ఇక్కడే తడబడతారు, ఎందుకంటే అవి రాసినప్పుడు ఆ పద్ధతి నిజంగానే పనిచేసేది.

మందు సులువే. సూపర్‌యూజర్‌గా లోపలికి వెళ్లి, ఆల్టర్ డేటాబేస్ ఆదేశంతో ఓనర్‌ని లిస్ట్‌మాంక్ యూజర్‌గా మార్చండి. లిస్ట్‌మాంక్‌కి కావాల్సిన పీజీక్రిప్టో అనే ఎక్స్‌టెన్షన్ (పోస్ట్‌గ్రెస్‌కి అదనంగా తగిలించే భాగం) దగ్గర ఆగిపోయినా మందు ఇదే. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఆ ఎక్స్‌టెన్షన్‌ని సూపర్‌యూజర్ కాకపోయినా డేటాబేస్ ఓనర్ పెట్టుకోవచ్చు. ఉబుంటు వంటి వాటిలో దానికి సంబంధించిన కాంట్రిబ్ ఫైళ్లు సర్వర్‌తో పాటే వచ్చి ఉంటాయి. కొన్ని ఇతర లినక్స్‌లలో మాత్రం ఆ ప్యాకేజీని విడిగా ఎక్కించుకోవాలి.

హోస్ట్ దగ్గర లోకల్‌హోస్ట్ అని రాయాలా, ఐపీ రాయాలా?

రెండూ ఒకే మెషీన్ మీద, డాకర్ లేకుండా నడుస్తుంటే లోకల్‌హోస్ట్ చాలు.

డాకర్‌లో అయితే లెక్క వేరు. కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే, మీ సర్వర్ కాదు. లిస్ట్‌మాంక్ కంటైనర్ తన లోపలే పోస్ట్‌గ్రెస్ కోసం వెతికి, అక్కడ ఎవరూ లేక "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అంటుంది. కంపోజ్ ఫైల్‌లో (ఏయే కంటైనర్లు ఎలా నడవాలో రాసే ఫైలు) డేటాబేస్ సర్వీసుకు ఏ పేరు పెట్టారో ఆ పేరే హోస్ట్‌గా రాయాలి. రెండు కంటైనర్లూ ఒకే డాకర్ నెట్‌వర్క్‌లో ఉంటే ఆ పేరు దానంతటదే దొరుకుతుంది.

లిస్ట్‌మాంక్ డాకర్‌లో, పోస్ట్‌గ్రెస్ మాత్రం నేరుగా సర్వర్ మీద. ఈ కలగూరగంప నాకు అస్సలు నచ్చదు. చేయొచ్చు. లినక్స్‌లో హోస్ట్-గేట్‌వేకి దారి చూపే ఒక అదనపు హోస్ట్ పేరు కలపాలి, పోస్ట్‌గ్రెస్ డాకర్ నెట్‌వర్క్ వైపు కూడా వినేలా లిజన్ అడ్రసెస్ మార్చాలి, ఆ నెట్‌వర్క్‌కి అనుమతి కూడా రాయాలి. మూడు చోట్ల మార్పు, మూడు చోట్ల తప్పు జరిగే వీలు. రెండూ డాకర్‌లో పెట్టండి, లేదా రెండూ బయట పెట్టండి.

"కనెక్షన్ రెఫ్యూజ్డ్", "టైమ్‌అవుట్" రెండూ ఒకటేనా?

కాదు. రెఫ్యూజ్డ్ అంటే మీ అభ్యర్థన ఆ మెషీన్ దాకా వెళ్లింది, కానీ ఆ పోర్ట్ దగ్గర వినేవాళ్లెవరూ లేరు. పోస్ట్‌గ్రెస్ ఆగిపోయి ఉండాలి, వేరే పోర్ట్‌లో ఉండాలి, లేదంటే బయటివాళ్లకు కాకుండా లోకల్‌హోస్ట్‌కే పలుకుతూ ఉండాలి. డిఫాల్ట్‌గా అది లోకల్‌హోస్ట్‌కే పలుకుతుంది. టైమ్‌అవుట్ అంటే చాలావరకు మధ్యలో ఫైర్‌వాలో, క్లౌడ్ సెక్యూరిటీ గ్రూపో చప్పుడు చేయకుండా మింగేస్తోందని. అప్పుడు పోస్ట్‌గ్రెస్ ఫైళ్లలో తలదూర్చి లాభం లేదు.

డెబియన్, ఉబుంటుల్లో ఇంకో చిక్కు. ఒక మెషీన్ మీద రెండు పోస్ట్‌గ్రెస్ వెర్షన్లు ఉంటే రెండోది 5433 పోర్ట్ తీసుకుంటుంది. అప్‌గ్రేడ్ చేశాక పాతది కూడా అలాగే నడుస్తుంటుంది, లిస్ట్‌మాంక్ వెళ్లి తప్పు తలుపు తడుతుంది. పీజీ-ఎల్ఎస్‌క్లస్టర్స్ అనే ఆదేశం కొడితే ఏది ఏ పోర్ట్‌లో ఉందో తెలుస్తుంది.

పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నాను. ఎన్నిసార్లు సరిచూసినా "పాస్‌వర్డ్ అథెంటికేషన్ ఫెయిల్డ్" అనే వస్తోంది. పిచ్చెక్కుతోంది.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

డాకర్‌లో ఉన్నారా? అయితే ముందు ఇది తెలుసుకోండి. కంపోజ్ ఫైల్‌లో పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డ్ అని మీరిచ్చే వేరియబుల్, డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్న మొదటి రోజు మాత్రమే పనిచేస్తుంది. వాల్యూమ్‌లో (డాకర్ డేటా దాచే చోటు) డేటా ఒకసారి ఏర్పడ్డాక ఆ వేరియబుల్‌ని మీరు ఎన్నిసార్లు మార్చినా డేటాబేస్ లోపలి పాస్‌వర్డ్ మారదు. లిస్ట్‌మాంక్ మాత్రం కొత్త పాస్‌వర్డ్ పట్టుకుని వెళ్తుంది. లోపల ఉన్నది పాతది. ఇద్దరికీ పొసగదు. డేటాబేస్ కంటైనర్ లోపలికి వెళ్లి ఆల్టర్ యూజర్ ఆదేశంతో పాస్‌వర్డ్ మారిస్తే సరిపోతుంది. ఇంటర్నెట్‌లో కొందరు "వాల్యూమ్ తీసేసి మళ్లీ లేపండి" అని సలహా ఇస్తారు. సబ్‌స్క్రైబర్లు ఎవరూ చేరకముందు అయితే సరే. చేరాక అలా చేస్తే లిస్టు మొత్తం గంగలో కలిసినట్టే.

రెండో మాయ కూడా డాకర్‌దే. "కంటైనర్ లోపల పీఎస్‌క్యూఎల్‌తో చూశాను, అదే పాస్‌వర్డ్‌తో లోపలికి పోయింది" అంటారు. (పీఎస్‌క్యూఎల్ అంటే పోస్ట్‌గ్రెస్‌తో పాటు వచ్చే ఆదేశాల ప్రోగ్రామ్.) అధికారిక పోస్ట్‌గ్రెస్ ఇమేజ్‌లో, కంటైనర్ లోపలి నుంచి వచ్చే కనెక్షన్లకు డిఫాల్ట్‌గా పాస్‌వర్డే అడగరు. మీరు అక్కడ తప్పు పాస్‌వర్డ్ ఇచ్చినా తలుపు తెరుచుకుంటుంది. అది పరీక్షే కాదు. పరీక్ష చేయాలంటే లిస్ట్‌మాంక్ ఎక్కడి నుంచి వెళ్తుందో అక్కడి నుంచే, అంటే అదే నెట్‌వర్క్‌లోని ఇంకో కంటైనర్ నుంచి, హోస్ట్, పోర్ట్, యూజర్ అన్నీ ఇచ్చి ప్రయత్నించాలి.

డాకర్ లేనివాళ్లకూ ఇలాంటిదే ఒకటుంది. పీఎస్‌క్యూఎల్‌కి హోస్ట్ ఇవ్వకపోతే అది యూనిక్స్ సాకెట్ (అదే మెషీన్ లోపలి) దారిలో వెళ్తుంది. అక్కడ ఉబుంటులో పీర్ అనే పద్ధతి ఉంటుంది. మీ లినక్స్ యూజర్ పేరూ డేటాబేస్ యూజర్ పేరూ ఒకటేనా అని చూస్తుంది తప్ప పాస్‌వర్డ్‌తో దానికి పనిలేదు. "పీర్ అథెంటికేషన్ ఫెయిల్డ్" అన్న ఎర్రర్ అందుకే వస్తుంది. లిస్ట్‌మాంక్ వెళ్లేది టీసీపీ (నెట్‌వర్క్) దారిలో కాబట్టి మీరూ హోస్ట్ ఇచ్చే పరీక్షించండి.

ఇక పాస్‌వర్డ్‌లోని అక్షరాలు. టామ్ల్ ఫైల్‌లో డబుల్ కోట్స్ మధ్య బ్యాక్‌స్లాష్ వస్తే దానికి వేరే అర్థం ఉంది. కంపోజ్ ఫైల్‌లో డాలర్ గుర్తు వస్తే తర్వాతి మాటని వేరియబుల్ పేరనుకుంటుంది, నిజంగా డాలరే కావాలంటే రెండుసార్లు రాయాలి. పాస్‌వర్డ్‌లో ఖాళీ జాగా, కోట్ గుర్తు ఉంటే కనెక్షన్ వాక్యం మధ్యలో తెగిపోతుంది. అక్షరాలు, అంకెలు మాత్రమే కలిపి 32 అక్షరాల పాస్‌వర్డ్ పెట్టేస్తే ఈ తలనొప్పులన్నీ ఒకేసారి పోతాయి, భద్రత కూడా తగ్గదు. దీన్ని రోజూ చేత్తో కొట్టేదెవరూ లేరు కదా.

"నో పీజీ-హెచ్‌బీఏ ఎంట్రీ" అంటోంది. ఇదేం ఫైలు?

ఎవరు, ఎక్కడి నుంచి, ఏ డేటాబేస్‌లోకి, ఏ పద్ధతిలో రావచ్చో రాసుకునే ఫైలు అది. లిస్ట్‌మాంక్ 10.0.0.5 అనే మెషీన్‌లో ఉంటే లైన్ ఇలా ఉంటుంది. మొదట హోస్ట్ అన్న మాట, తర్వాత డేటాబేస్ పేరు, తర్వాత యూజర్ పేరు, తర్వాత 10.0.0.5/32, చివర్లో స్క్రామ్-షా-256. ఐదు గళ్లు, మధ్యలో ఖాళీలు. అడ్రస్ గడిలో 0.0.0.0/0 అని, చివర ట్రస్ట్ అని రాసేవాళ్లను చూస్తుంటాం. దాని అర్థం లోకంలో ఎవరైనా పాస్‌వర్డ్ లేకుండా రావచ్చని.

ఫైలును పోస్ట్‌గ్రెస్ పైనుంచి కిందికి చదువుతుంది, మొదట సరిపోయిన లైన్ దగ్గరే ఆగిపోతుంది. మీ కొత్త లైన్ కింద ఉండి, పైన రిజెక్ట్ అన్న లైన్ ఏదైనా దానికి అడ్డొస్తే మీది చదవనే చదవదు. మార్చాక రీలోడ్ చేస్తే చాలు, రీస్టార్ట్ అక్కర్లేదు. లిజన్ అడ్రసెస్ మారిస్తే మాత్రం రీస్టార్ట్ తప్పదు.

ఎస్‌ఎస్‌ఎల్ మోడ్ ఏది పెట్టాలి?

ఎస్‌ఎస్‌ఎల్ అంటే మధ్యలో ఎవరూ చదవకుండా మాటల్ని గుప్తంగా పంపే పద్ధతి. ఒకే మెషీన్ అయితే డిజేబుల్ పర్లేదు. మెషీన్ దాటి వెళ్తుంటే కనీసం రిక్వైర్ పెట్టండి. రిక్వైర్ మాటల్ని గుప్తంగా పంపుతుంది గానీ అవతలున్నది నిజంగా మీ సర్వరేనా అని చూడదు. వెరిఫై-ఫుల్ అది కూడా చూస్తుంది. దానికి సర్టిఫికెట్ ఫైలు దారి కావాలి, ఆ దారిని పరామ్స్ అనే సెట్టింగ్‌లో రాయాలి.

అమెజాన్ ఆర్‌డీఎస్ (అమెజాన్ నడిపి ఇచ్చే డేటాబేస్) వాడేవాళ్లకు ఒక గమనిక. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి అక్కడ ఎస్‌ఎస్‌ఎల్ లేకుండా కనెక్షన్ ఇవ్వకపోవడం డిఫాల్ట్ అయింది. డిజేబుల్ పెట్టుకుని వెళ్తే వచ్చేది ఎస్‌ఎస్‌ఎల్ గురించిన ఎర్రర్ కాదు, పైన చెప్పిన "నో పీజీ-హెచ్‌బీఏ ఎంట్రీ". చివర్లో "నో ఎన్‌క్రిప్షన్" అని రెండు మాటలుంటాయి, అసలు సంగతి అక్కడుంది. చివరి పదం దాకా చదవమన్నది ఇందుకే. దీనికి ఉల్టాగా, మీ సొంత పోస్ట్‌గ్రెస్‌లో ఎస్‌ఎస్‌ఎల్ ఆన్ చేయకుండా ఇటువైపు రిక్వైర్ పెడితే "ఎస్‌ఎస్‌ఎల్ ఈజ్ నాట్ ఎనేబుల్డ్ ఆన్ ద సర్వర్" అంటుంది.

మ్యానేజ్డ్ డేటాబేస్ (వేరే సంస్థ నడిపి ఇచ్చేది) కొనాలా, అదే సర్వర్‌లో పెట్టుకోవాలా?

కొన్ని వేలమంది సబ్‌స్క్రైబర్లున్న దుకాణానికో, పత్రికకో, కోచింగ్ సెంటర్‌కో అదే సర్వర్ చాలు. నెలనెలా డబ్బు కట్టి మ్యానేజ్డ్ తీసుకోవడంలో కలిసొచ్చేది ముఖ్యంగా బ్యాకప్ టెన్షన్ లేకపోవడమే. తీసుకుంటే మాత్రం రెండూ ఒకే రీజియన్‌లో (డేటా సెంటర్లున్న ప్రాంతం) ఉండేలా చూసుకోండి. అమెజాన్‌కు ముంబైతో పాటు 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లోనూ రీజియన్ ఉంది. సర్వర్ హైదరాబాద్‌లో, డేటాబేస్ అమెరికాలో పెడితే, ఎవరైనా లింక్ నొక్కిన ప్రతిసారీ ఆ నమోదు సముద్రాలు దాటి రావాలి. డ్యాష్‌బోర్డ్ తెరుచుకోవడంలోనే ఆ తేడా తెలిసిపోతుంది.

మ్యాక్స్ ఓపెన్ 25 అని ఉంది. లక్షమందికి పంపాలి, పెంచాలా?

అక్కర్లేదు. ఇది మెయిల్స్ లెక్క కాదు, డేటాబేస్‌తో ఒకేసారి తెరిచే కనెక్షన్ల లెక్క. సబ్‌స్క్రైబర్లను లిస్ట్‌మాంక్ ఒక్కొక్కరిగా అడగదు, బ్యాచ్‌లుగా తెచ్చుకుంటుంది. డిఫాల్ట్ బ్యాచ్ 1000. పంపే వేగాన్ని తేల్చేవి పెర్ఫార్మెన్స్ సెట్టింగుల్లో ఉండే కాన్‌కరెన్సీ, మెసేజ్ రేట్, వాటికంటే ముఖ్యంగా మీ ఎస్‌ఎమ్‌టీపీ సంస్థ పెట్టిన పరిమితి.

పెంచితే నష్టమే రావచ్చు. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా మొత్తం 100 కనెక్షన్లు ఇస్తుంది, అందులో 3 సూపర్‌యూజర్ కోసం పక్కన పెడుతుంది. అదే సర్వర్‌ని ఇంకో రెండు అప్లికేషన్లు వాడుతుంటే అందరూ కలిసి దాన్ని నింపేస్తారు. అప్పుడు "సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ" అంటుంది. పోస్ట్‌గ్రెస్ సారీ చెప్పే అరుదైన సందర్భం ఇది. చిన్న మ్యానేజ్డ్ ప్లాన్లలో ఆ 100 కూడా ఉండవు, అక్కడ 25ని 10కి తగ్గించుకోవడమే మంచిది.

పీజీబౌన్సర్ ద్వారా కలపొచ్చా?

పీజీబౌన్సర్ అంటే అప్లికేషన్‌కీ పోస్ట్‌గ్రెస్‌కీ మధ్య నిలబడి కనెక్షన్లను పంచే పూలర్. సెషన్ మోడ్‌లో అయితే కలపొచ్చు. ట్రాన్సాక్షన్ మోడ్‌లో చిక్కు వస్తుంది. లిస్ట్‌మాంక్ తన క్వెరీలను ముందే ప్రిపేర్ చేసి పెట్టుకుంటుంది, ట్రాన్సాక్షన్ మోడ్‌లో ప్రతిసారీ వెనక కనెక్షన్ మారిపోతుంటుంది. దాంతో "ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ డజ్ నాట్ ఎగ్జిస్ట్" అని ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా ఏడిపిస్తుంది. 2023లో వచ్చిన పీజీబౌన్సర్ 1.21 దీనికో దారి చూపింది, కానీ ఆ వెర్షన్‌లో దాన్ని విడిగా ఆన్ చేయాలి. ఒక్క లిస్ట్‌మాంక్ కోసమే అయితే మధ్యలో పూలర్ అవసరమే లేదు. నేరుగా 5432కి వెళ్లండి.

మా షాపు బిల్లింగ్ డేటాబేస్‌లో కస్టమర్ల మెయిల్స్ ఉన్నాయి. దాన్నే నేరుగా కలిపేస్తే?

కుదరదు. లిస్ట్‌మాంక్ తన టేబుళ్లతో తప్ప పనిచేయదు. బిల్లింగ్ డేటాబేస్ పేరు ఇచ్చి ఇన్‌స్టాల్ నొక్కడం మరీ ప్రమాదం. రెండిటి టేబుళ్లూ ఒకే చోట కలగలిసిపోతాయి, అందులో ఒకే పేరున్న టేబుల్ ఏదైనా ఉంటే అది మీ బిల్లింగ్‌కే ఎసరు. ఒకే పోస్ట్‌గ్రెస్ సర్వర్ వాడుకోండి, డేటాబేస్ మాత్రం వేరుగా పెట్టండి.

కస్టమర్లను తీసుకురావడానికి రెండు దారులు. ఒక్కసారికైతే సీఎస్‌వీ ఫైలు తీసి ఇంపోర్ట్ పేజీలో ఎక్కించండి. ఈమెయిల్, పేరు, అదనపు వివరాలు అనే మూడు కాలమ్‌లు, ఆ మూడోదాంట్లో జేసన్ రూపంలో ఊరు, చివరిసారి కొన్న తేదీ వంటివి పెట్టుకుంటే తర్వాత "విజయవాడలో ఉన్నవాళ్లకు మాత్రమే" అని ఎంచుకోవచ్చు. రోజూ కొత్తవాళ్లు చేరుతుంటే ఏపీఐ వాడండి. బిల్లు పడగానే మీ ప్రోగ్రామే లిస్ట్‌మాంక్‌కి ఒక చిన్న కాల్ చేస్తుంది.

మెయిల్ అడ్రస్ బిల్లు కోసం ఇచ్చినవాళ్లు ఆఫర్ మెయిల్స్‌కి ఒప్పుకున్నట్టు కాదు. వాళ్లని అడిగి చేర్చుకోండి, లేకపోతే సగంమంది స్పామ్ బటన్ నొక్కి మీ డొమైన్ పరువు తీస్తారు.

తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా కనిపిస్తున్నాయి. డేటాబేస్ తప్పా?

చాలావరకు ఎక్సెల్ తప్పు. మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఎక్సెల్ తెలుగు అక్షరాలను అక్కడే ప్రశ్నార్థకాలుగా మార్చేస్తుంది. ఆ తర్వాత ఎవరూ వాటిని వెనక్కి తేలేరు. సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్న రకాన్ని ఎంచుకోండి. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. అక్కడ "లక్ష్మి" అని సరిగ్గా కనిపిస్తే ఫైలు మంచిదే, అక్కడే ప్రశ్నార్థకాలుంటే డేటాబేస్ దాకా పోనక్కర్లేదు.

ఫైలు బాగుండి కూడా తేడాగా ఉంటే డేటాబేస్ ఎన్‌కోడింగ్ చూడండి. లొకేల్ సరిగ్గా లేని సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ ఎక్కించినప్పుడు ఎన్‌కోడింగ్ ఎస్‌క్యూఎల్-ఆస్కీ అని పడుతుంది. ఉన్న డేటాబేస్‌కి ఎన్‌కోడింగ్ మార్చే ఆదేశం లేదు. టెంప్లేట్0 నుంచి యూటీఎఫ్-8తో కొత్త డేటాబేస్ సృష్టించి డేటా అందులోకి తెచ్చుకోవాలి. అందుకే మొదట్లోనే స్పష్టంగా రాయమన్నది.

డేటాబేస్ కలిసింది, లాగిన్ అవుతోంది. మెయిల్స్ మాత్రం వెళ్లట్లేదు.

డేటాబేస్‌ని వదిలేయండి, ఇక దాని తప్పేం లేదు. ఎస్‌ఎమ్‌టీపీ సెట్టింగుల్లో టెస్ట్ మెయిల్ పంపి చూడండి.

డేటాబేస్ కలిసింది, కానీ బ్రౌజర్‌లో పేజీయే తెరుచుకోవట్లేదు.

డాకర్‌లో అయితే యాప్ అడ్రస్ లోకల్‌హోస్ట్:9000 అని ఉండిపోయి ఉంటుంది. 0.0.0.0:9000 అని మార్చండి.

టెస్ట్ చేయడానికి నా ల్యాప్‌టాప్‌లో ఇంకో లిస్ట్‌మాంక్ పెట్టి అసలు డేటాబేస్‌కే కలపొచ్చా?

వద్దు. రెండో లిస్ట్‌మాంక్‌కి అది టెస్ట్ అని తెలియదు. షెడ్యూల్ చేసిన క్యాంపెయిన్ కనిపిస్తే అది కూడా పంపడం మొదలుపెడుతుంది, ఒక్కొక్కరికి రెండేసి మెయిల్స్ పోయే ప్రమాదం ఉంది. పాసివ్ అనే ఫ్లాగ్‌తో నడిపితే క్యాంపెయిన్ల జోలికి పోదు. దానికంటే డేటాబేస్ కాపీ తీసుకుని, అందులో ఎస్‌ఎమ్‌టీపీ వివరాలు తీసేసి ఆడుకోవడం మేలు.

5432 పోర్ట్‌ను ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచొచ్చా? ఇంటి నుంచి చూసుకోవడానికి వీలుగా ఉంటుందని.

తెరవకండి. ఇంటి నుంచి చూడాలంటే ఎస్‌ఎస్‌హెచ్ టనెల్ (సర్వర్‌కి గుప్తమైన దారి) వేసుకోండి, డేటాబేస్ చూసే ప్రోగ్రామ్‌లైన పీజీఅడ్మిన్‌లోనూ డీబీవర్‌లోనూ ఆ సౌకర్యం ఉంది. ఇక్కడ డాకర్‌తో ఒక పెద్ద మోసముంది. కంపోజ్ ఫైల్‌లో పోర్ట్స్ కింద 5432:5432 అని రాస్తే, యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌లో మీరు ఆ పోర్ట్ మూసేసినా డాకర్ దాన్ని పక్కకు నెట్టి తెరిచేస్తుంది. ముందు 127.0.0.1: అని చేర్చండి, లేదా ఆ లైన్ మొత్తం తీసేయండి. కంటైనర్లు తమలో తాము మాట్లాడుకోవడానికి అది అవసరం లేదు.

ఆ డేటాబేస్‌లో ఉన్నది మనుషుల పేర్లు, మెయిల్స్, ఎవరు ఏ లింక్ నొక్కారన్న వివరాలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని ఉంది. చిన్న దుకాణం మీద అంత వేస్తారని కాదు, బాధ్యత మీదేనని.

వెర్షన్ మార్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

లిస్ట్‌మాంక్ కొత్త వెర్షన్ అయితే ముందు పీజీ-డంప్‌తో బ్యాకప్ తీయండి, తర్వాత కొత్త ఫైలును అప్‌గ్రేడ్ ఫ్లాగ్‌తో నడపండి. అది నడపకపోతే డేటాబేస్ పాతదిగా ఉందని చెప్పి ప్రోగ్రామ్ మొదలే కాదు.

పోస్ట్‌గ్రెస్ పెద్ద వెర్షన్ మార్చడం వేరే కథ. కంపోజ్ ఫైల్‌లో 14 అని ఉన్నచోట 17 అని రాసి రీస్టార్ట్ చేస్తే, డేటా ఫైళ్లు ఈ వెర్షన్‌కి సరిపడవని చెప్పి ఆగిపోతుంది. కంగారు పడకండి, డేటా ఎక్కడికీ పోలేదు. మళ్లీ 14 అని రాస్తే లేస్తుంది. దాంట్లోంచి డంప్ తీసి, కొత్త వాల్యూమ్‌తో 17 లేపి, అందులోకి ఎక్కించండి.

బ్యాకప్‌లో రెండు విషయాలు మర్చిపోతుంటారు. మెయిల్స్‌లో వాడిన బొమ్మలు డిఫాల్ట్‌గా అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంటాయి, డంప్‌లో రావు, ఆ ఫోల్డర్‌ని విడిగా కాపీ చేయాలి. ఇంకోటి, సెట్టింగులు డేటాబేస్‌లో ఉంటాయని మొదట్లో చెప్పుకున్నాం కదా, మీ ఎస్‌ఎమ్‌టీపీ పాస్‌వర్డ్ కూడా వాటిలోనే ఉంటుంది. ఆ డంప్ ఫైలును వాట్సాప్‌లో ఇంకొకరికి పంపారంటే సబ్‌స్క్రైబర్ల లిస్టుతో పాటు మీ పేరు మీద మెయిల్స్ పంపే తాళం చెవి కూడా ఇచ్చేసినట్టే.